బెంచీ కింది తాళం

బుధవారం

గండం గడిచింది. సీతాఫల్‌మండి బస్సులో ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే పక్కావిడ వింతగా చూసింది.

మూడో తరగతికి ఈ రోజు భిన్నాల పరీక్ష. నా పిల్లలకు కాపలా కమల టీచర్. మధ్యలో మా క్లాసు యాస్మిన్‌ని రెక్క పట్టుకుని హెడ్‌మిస్ట్రెస్ గదికి తీసుకెళ్లిందట. నన్నూ పిలిపించారు.

"వేళ్లతో సైగలు చేసి పక్కపిల్లకు జవాబులు చెప్తున్నది మేడం," అంది కమల.

"సైగలు గాదు మేడం, తాళం. మా టీచరే నేర్పిన్రు," అంది యాస్మిన్ ఏడుపు ఆపుకుంటూ.

ఎనిమిది వరకు లెక్కపెట్టే ఆది తాళంతో భిన్నాలు నేర్పింది నేనే మరి. దాని పేపరు కొట్టేస్తారు, లెక్కల క్లాసులో నా పాటలూ మాన్పిస్తారు అనుకున్నాను.

"ఎనిమిదిల మూడు పావులెంత? జెర చేసి చూపియ్," అన్నారు మేడం.

యాస్మిన్ తొడ మీద దెబ్బ వేసి మూడు వేళ్లు లెక్కపెట్టింది. "గిది నాలుగు, సగం." ఇంకో దెబ్బ వేసి అరచెయ్యి తిప్పింది. "గిదొక పావు. మొత్తం ఆరు మేడం."

మేడం నవ్వారు. "అందరూ వేసుకోండి. చప్పుడు మాత్రం రావద్దు."

కమల మొహం మాడ్చుకుంది. మాడ్చుకోనీ. నా బెంగ వేరే. పై తరగతుల్లో వీళ్లను తాళం ఎవరు వెయ్యనిస్తారు? అది లేకుండా లెక్క వస్తుందా?

యాస్మిన్‌ని క్లాసులో కూర్చోబెట్టి, మేడం అన్నమాట అందరికీ చెప్పాను. బెంచీల కింద నుంచి చేతులన్నీ పైకొచ్చాయి.