నాలుగు వందల ఏళ్ల కిందటి యూరప్‌లో వంటావార్పు

సోమవారం, తెలంగాణ కోసం బంద్

బస్సుల్లేక కొడకండ్ల వెళ్లలేని నా స్నేహితుడు సంతోష్ జనగామలో మా ఇంట్లోనే ఉన్నాడు. అందుకని పాచికలతో ఆడే మా సాహసాల ఆటను ఈ మధ్యాహ్నం నాలుగు వందల ఏళ్ల కిందటి యూరప్‌లోకి మార్చాను. మంత్రగాడిని తీసేసి మందులు నూరే వైద్యుణ్ణి పెట్టాను, అది సంతోష్‌కు. కత్తివీరుడి బదులు తుపాకీ సిపాయి, అది స్వప్నక్కకు. రాజు నేనే. ముందే వారం రోజులు కూర్చుని నియమాలు రాసి పెట్టుకున్నాను మరి.

రాజు కోట తలుపు తెరిపించడానికి పాచికలు వేసి పోరాడతారనుకున్నాను. అక్క తుపాకీ పక్కన పెట్టేసింది.

"కొట్లాటెందుకురా? గీ రోడ్డు మీదనే పొయ్యి పెడ్తం. వంటావార్పు!"

"నేను ఉప్మా జేస్త," అన్నాడు సంతోష్. "రాజు దిగొచ్చేదాంక లేవం."

నా నియమాల్లో వంటావార్పుకు పాచికే లేదు. ఊరంతా వచ్చి తింటోందని అక్క చెబుతూనే ఉంది. గంభీరంగా ప్రకటించాను: "మీ కోరికను పరిశీలించడానికి కమిటీ వేస్తున్నాం."

ఇద్దరూ ఆట వదిలేసి లేచిపోయారు. రాత్రి అన్నం పెట్టమంటే అక్క, "ఢిల్లీకి పోయి తినుపో," అంది.

ఆకలి సంగతి అలా ఉంచితే, రాజునై అప్పటికి అరగంట కూడా కాలేదు. ఎవరూ నేర్పకుండానే ఆ కమిటీ మాట నా నోటికి ఎలా వచ్చింది?