చెరిపేసిన మచ్చలు

అక్కా,

నువ్వు నా ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. చించెయ్యకుండా చదువు.

స్టూడియోలో గిరాకీ లేనప్పుడు సూర్యుడి ఫొటోలతో కాలక్షేపం చేస్తున్నాను. ఉపగ్రహాలు తీసినవి ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. మొన్న ఒకదానికి రంగులద్ది, మెరుగుపెట్టి, నాలాంటి పిచ్చివాళ్లున్న గ్రూపులో పెట్టాను. స్కూల్లో సైన్సు చెప్పే ఒకావిడ వెంటనే అడిగింది: "బాగుందండీ, మరి మచ్చలేవీ?"

ముప్ఫై ఏళ్లుగా పెళ్లికూతుళ్ల మొహాలు నున్నగా చేసిన చెయ్యి కదా, అలవాటుకొద్దీ సూర్యుణ్ణి కూడా తుడిచేసింది! సూర్యుడి మీద నల్లమచ్చలుంటాయి, పెద్దదయితే అందులో మన భూమి మొత్తం పట్టేస్తుందట. అందరూ చూసేది వాటినేనట. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడు నీ రిటైర్మెంటు ఫొటో గుర్తొచ్చింది. నేను మెరుగుపెట్టి పంపిస్తే "ఎవర్రా ఈవిడ?" అని ఫోన్ పెట్టేశావు. ఆ తర్వాత మాటల్లేవు. మెచ్చుకోకపోగా ఈ కోపమేమిటని నేనే అలిగాను, చూడు!

అసలు ఫొటో వెతికి, మళ్లీ ప్రింటు వేసి ఇందులో పెట్టాను. ఈసారి చెయ్యి పెట్టలేదు. నీ చెంప మీద కాలిన మచ్చ ఉన్నదున్నట్టే ఉంది.

ఆ రోజు మరిగే నీళ్లకి నువ్వు అడ్డం రాకపోతే, అది నా మొహం మీద ఉండేది.

నీ తమ్ముడు