మీరు పారబోసిన ఉప్పునీళ్లు

ఏమండీ,

మీరు పోయి రెండేళ్లు కాకుండానే నాకూ బీపీ వచ్చింది. దేవేంద్ర నగర్ డాక్టరు ఇవాళ మీరు వేసుకున్న మాత్రే రాశాడు, ఒంట్లో నీళ్లూ, వాటితో ఉప్పూ బయటికి పంపేది. "పహలే సోడియం టెస్ట్ లిఖియే" అని ముందు ఆ టెస్టు రాయమన్నాను. "ఆప్‌కో కైసే పతా?" అని, నాకెలా తెలుసని ఆశ్చర్యపోయాడు. అంతా మీ పుణ్యమేనని చెప్పలేదు.

మీకు ఉప్పు తగ్గించమన్నారు. మీరు పూర్తిగా మానేసి, ఇంట్లో రెండు కూరలెందుకని నా చేతా మాన్పించారు. సిల్తారా ఉక్కు ఫ్యాక్టరీలో ఫర్నేస్ దగ్గర చెమటలు కక్కే వాళ్లందరికీ ఉప్పు కలిపిన నిమ్మరసం ఇస్తే, మీ గ్లాసు నేలమీద పారబోసి, ఆ ఘనకార్యం ఇంటికొచ్చి చెప్పేవారు. తల తిరుగుతోందంటే టెస్టుకు రమ్మన్నాను. "నాకు తెలీదా!" అన్నారు. ఏం తెలుసు మీకు? సోడియం పడిపోయిందని ఆసుపత్రిలో చెప్పేసరికి నా పేరే తెలీదు మీకు.

అంతకు ముందురోజు మధ్యాహ్నం డ్యూటీ నుంచి తూలుతూ, ముద్దముద్దగా మాట్లాడుతూ వచ్చారు. తాగొచ్చారనుకుని గంటసేపు తలుపు తీయలేదు నేను. తలుపు బాదొచ్చు కదా, నన్ను నాలుగు తిట్టొచ్చు కదా! ఎప్పుడూ అరిచే మనిషి, ఆ రోజు మెట్టు మీద బుద్ధిగా కూర్చున్నారు. అందుకు మాత్రం మిమ్మల్ని ఎప్పటికీ క్షమించను.

సరోజ