ఖాళీ కుంచం

చిట్టీ,

నువ్వు పోయాక నిన్నే మొదటిసారి కల్లంలో ధాన్యం కొలిచాం. మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా లాభం అనే మీ నాన్నతో ఏటా పోట్లాడేదానివి కదా: "ముందు ఖాళీ కుంచం సూపించి సున్నా అనాల నాన్నా! ఏటీ లేకపోడం కూడా లెక్కే!"

"సున్నా సహజ సంఖ్య కాదే, లేనిదాన్ని ఎవరు లెక్కపెడతారు?" అని బళ్ళో లెక్కలు చెప్పే నేను కసిరేదాన్ని.

నిన్న ఆయన ఖాళీ కుంచం ఎత్తిపట్టుకుని "సున్నా" అన్నాడు. "కానియ్యి మావా" అని మీ మేనత్త కొడుకు ఎంత బతిమాలినా, ఆ తరవాత ఆయన నోట లాభం రాలేదు.

నువ్వే గెలిచావే. పిల్లలెంతమందని ఎవరైనా అడిగితే ఇక నేను చెప్పాల్సింది ఆ సంఖ్యే. ఒక్కసారి వచ్చి, అది సంఖ్యే కాదని నువ్వైనా నాతో వాదించవే.

అమ్మ