ఓరిన్‌కు వినిపించిన మాట

వెర్నా అక్కా,

వినికిడి యంత్రాలు అమర్చడానికి మోంటానా రాష్ట్రం నాకు లైసెన్సు ఇచ్చింది. కలప కోత మిల్లు హోరు మా ఆయన చెవులు తినేసిందనే కదా, ఈ వయసులో పరీక్షలకు కూర్చున్నాను. మొన్న మొట్టమొదట ఆయనకే అమర్చాను.

"ఏదైనా మాట్లాడవే," అన్నాడు ఓరిన్, కుర్చీ అంచుకు జరిగి.

ఇన్నేళ్లూ అరిచి చెప్పాల్సినవే చెప్పాను. మెల్లగా చెప్పేది ఒక్కటీ తోచలేదు.

"పాలు అయిపోయాయి," అన్నాను.

"వినిపించింది!" అన్నాడు. కాసేపు నా నోటికేసి చూసి, "ఇంకా?" అని అడిగాడు.

"అంతే."

ఇప్పుడు నేను గదిలోకి వస్తే చాలు, టీవీ ఆపేస్తున్నాడు. నాకు ఏడుపూ రావడం లేదు, సంతోషమూ కలగడం లేదు.

వేసవిలో వచ్చి నాలుగు రోజులు ఉండు. మా ఇంట్లో ఎవరో ఒకరు మాట్లాడాలి.

నీ చెల్లి