ఆయన చెప్పిన చంద్రకాంతలు

సుగుణా,

ఎట్లున్నావని అడగబోతే నాకే నవ్వొచ్చింది. ఉత్తరమంటే అట్లా మొదలుపెట్టడమే నాకు తెలుసు మరి.

నువ్వు పోయి పది నెలలు. కార్తీకంలో పోయావు, ఇప్పుడు భాద్రపదం నడుస్తోంది. కొట్టు తీస్తున్నాను, మూస్తున్నాను. మోకాలు నొప్పి అట్లానే ఉంది. మన స్వాతి ప్రతి ఆదివారం కరీంనగర్ నుంచి వచ్చి, వారానికి సరిపడా కూరలు వండి ఫ్రిజ్‌లో సర్ది పోతోంది. దాని చేతి పులుసులో ఉప్పు నీలాగే ఒక రవ్వ తక్కువ. నేను ఏమీ అనడం లేదు. ఇప్పుడు అనడం తగ్గించాను...

నీ చంద్రకాంతలు పూశాయి. అది చెప్పడానికే రాస్తున్నాను. కానీ అందులో ఇంకో సంగతి ఉంది. అది రాయడానికి మూడు రోజులుగా చెయ్యి రావడం లేదు.

ఈ బజారులో నా ముక్కుకు పేరుంది, నీకు తెలుసు. ధనియాలు గుప్పెట్లో నలిపి, ఏ ఏటి సరుకో చెప్తాను. ఇంగువలో కల్తీ ఉంటే డబ్బా మూత తీస్తుండగానే పట్టేస్తాను. పక్క కొట్లవాళ్లు కూడా పసుపు తెచ్చి జర వాసన చూడమని ఇచ్చేవాళ్లు. అందరికీ చూసి పెట్టాను. ఇంట్లోదానికి మాత్రం తీరిక దొరకలేదు.

కరోనా ఏడాది జ్వరం తగ్గింది కానీ నీ ముక్కు మళ్లీ పని చేయలేదు. మృగశిర నాడు ఇంగువ బెల్లం ఉండ నోట్లో వేసుకొని, "బెల్లమొక్కటే తెలుస్తాంది" అన్నావు. నేను నవ్వాను. పొయ్యి మీద పాలు మాడితే ఎట్లా అని నీకు భయం. పూల సంగతి నాకు తట్టనే లేదు. పెళ్లయి వచ్చిన ఏడాది నుంచి ఏటా గింజ పెట్టి పెంచుకున్న చంద్రకాంతలు, ఇక నీకు రంగులు మాత్రమే కదా!

ఆ తర్వాతి వానాకాలం నుంచి నా ముక్కును అడగడం మొదలుపెట్టావు. "అన్ని చెట్లకు ఒక్కతీరు వాసనుండది. మంచిగ వచ్చేదానికే దారం కట్టాలె, దాని గింజలే దాచాలె" అనేదానివి. అట్లా ఏటేటా ఏరుకుంటూ వస్తేనే మన పెరడు వాసన వీధి చివరి దాకా పోయేది. నేనేమో అదంతా వాన మహిమ అనుకునేవాణ్ణి.

అయిదు దాటి పూలు విచ్చుకోగానే కొట్టుకూ ఇంటికీ మధ్య తలుపు దగ్గరికి వచ్చేదానివి. "జర ఇటు రాండ్రి. ఏ చెట్టుది ఎక్కువ వస్తాందో చెప్పుండ్రి."

అయిదు దాటితే గిరాకీ. మొదట రెండు రోజులు వచ్చి చూశాను. తర్వాత గల్లా దగ్గర కూర్చున్న చోటి నుంచే చెప్పేశాను. ఒక రోజు గోడ పక్కది అన్నాను. ఇంకో రోజు బోరింగు దగ్గరిది అన్నాను. నోటికి ఏది వస్తే అది. నువ్వు నమ్మి, పోయి దానికి దారం కట్టేదానివి. ఆ దారం కూడా మన కొట్టుదే.

ఇక రెండేళ్ల కిందటి ఆ సాయంత్రం...

మధ్యాహ్నం కోతులు వచ్చి పెరడంతా పీకి పోయాయట. నేను కొట్టులో ఉన్నాను, నాకు తెలియదు. నువ్వు ఎప్పటిలాగే వచ్చి నిలబడి, "ఇయ్యాల వాసనొస్తాందా?" అని అడిగావు. నేను పప్పు తూస్తున్నాను. తలెత్తకుండానే, మస్తుగా వస్తోంది, గోడ పక్కది అన్నాను. కాసేపు అక్కడే నిలబడి లోపలికి పోయావు. కొంచెం సేపటికి చాయ్ తెచ్చి పెట్టావు. అందులో చక్కెర కూడా సరిగ్గానే ఉంది.

మర్నాడు పొద్దున స్నానానికి పోతూ చూశాను. పెరట్లో ఒక్క కొమ్మ నిలబడి లేదు.

నువ్వు కొట్లాడితే బాగుండేది. రెండు మాటలు అంటావు, తప్పయిందని చెబుదామని వారం రోజులు చూశాను. నువ్వు అనలేదు, నేను చెప్పలేదు. ఆ తర్వాత వాసన సంగతి నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. అది పరీక్షా సుగుణా? లేక ఆకుల కింద ఒక్క పువ్వన్నా మిగిలిందేమోనని నిజంగానే అడిగావా?

నీ పదకొండో రోజుకు టెంటు వేయాలని పెరడంతా చెక్కించి మొరం పోయించారు. నేను చూస్తూ కూర్చున్నాను. వద్దనాలని కూడా తోచలేదు. ఎండాకాలంలో ఒక సాయంత్రం అయిదింటికి ఊరికే తలుపు వైపు చూశాను. ఎవరూ పిలవలేదు. మర్నాటి నుంచి మొరం తోడడం మొదలుపెట్టాను. స్వాతి నర్సరీ నుంచి మల్లె అంటు తెస్తానంది. వద్దన్నాను.

వంటింట్లో మిరియాల డబ్బా వెనక గాజు సీసాలో నీ పొట్లాలు దొరికాయి. రెండే. పొట్లం కట్టడం నేనే నేర్పాను, కానీ మూల మడత నాకంటే నీదే గట్టి. ఒకదాని మీద 'రహమత్ బీ చెప్పినవి' అని రాసి ఉంది. పక్కింటామె ఇచ్చిన గింజలేమో అనుకున్నాను. రెండోదాని మీద 'ఆయన చెప్పినవి' అని ఉంది. ఎప్పుడూ నా పేరు పలకలేదు, పొట్లం మీద కూడా రాయలేదు. ఆ 'ఆయన' చూసి నాకు ఎంత సంతోషమయిందో! నేను చెప్పిన గింజలు దాచుకుంది అనుకొని, ఆ పొట్లం దేవుడి గూట్లో పెట్టాను. చెయ్యి తిరిగే దాకా రహమత్ బీ పొట్లంతో చూద్దామనుకున్నాను.

మృగశిర రాగానే ఆ గింజలు నానబోశాను. గింజ మొలకెత్తించడం కిరాణం కొట్టువాడికి ఒకరు నేర్పాలా? పెసల్లాగే గుడ్డలో మూటగట్టి పెట్టి, గిరాకీలో పడి అయిదు రోజులు మరిచిపోయాను. మూట విప్పితే పులిసిన కంపు. అన్నీ మెత్తబడి కుళ్లాయి. పోనీలే, దేవుడి గూట్లో అసలువి ఉన్నాయిగా అనుకున్నాను.

అసలువి నానబెట్టకుండా, వేలితో గుంట చేసి ఒక్కొక్కటే పెట్టాను. అన్నీ మొలిచాయి. కోతులకు వల కట్టాను. శ్రావణం చివరికి మొగ్గ తొడిగాయి.

అప్పుడే పక్కింటి మేడ మీద బట్టలు కుట్టే రహమత్ బీ చాయ్‌పత్తా కోసం కొట్టుకు వచ్చింది. ఏ పొట్లం పెట్టావన్నా అని అడిగింది. చెప్పాను. ఆమె చాయ్‌పత్తా పొట్లం గల్లా మీద పెట్టేసింది. తర్వాత మెల్లగా చెప్పింది. కోతులు వచ్చి పోయినప్పటి నుంచి నువ్వు ఆమెనే పిలిచేదానివట. పోయిన ఏడాది సీజనంతా ఆమె మిషన్ ఆపి, మెట్లు దిగి వచ్చి, ఒక్కో చెట్టు దగ్గర వంగి వాసన చూసేదట. లేని రోజు లేదనే చెప్పేదట. పది రోజులు చూశాక గానీ నువ్వు దారం కట్టలేదట.

ఆ గింజలనే నేను కుళ్లబెట్టాను.

పూలు విచ్చుకున్నాయి సుగుణా. గులాబీ రంగువి, పసుపువి, రెండూ కలిసినవి... చూడ్డానికి ఎంత బాగున్నాయో. స్వాతి ఫొటోలు తీసుకుంది. కానీ వాసన లేదు. విచ్చుకున్న రోజే ఒక్కో పువ్వు దగ్గరా ముక్కు పెట్టి చూశాను. ధనియాలు ఏ ఏటివో చెప్పే ముక్కు కదా, పొరబడదు. వాసన లేదు. నువ్వు ముప్పై ఏళ్లు ఏరి తెచ్చినదాన్ని నేను గల్లా దగ్గర కూర్చుని పోగొట్టాను.

నావి ఉత్త మాటలని తెలిసి కూడా ఆ పొట్లం ఎందుకు దాచావు? పారేయడానికి చెయ్యి రాలేదా? ఎప్పటికైనా నేనే విప్పి చూస్తానని దాచావా?

ఇప్పుడు అయిదు కొట్టగానే కొట్టు షట్టర్ సగం దించుతున్నాను. గిరాకీవాళ్లు గొణుగుతున్నారు, గొణగనీ. నిన్న రహమత్ బీని కూడా పిలిచాను. నా మాట నేనే నమ్మలేక పిలిచాను. బోరింగు వైపు చివరి చెట్టుకు కొద్దిగా... చాలా కొద్దిగా వస్తోంది. మొన్న వచ్చింది, నిన్న వచ్చింది. ఇవాళ గాలికి తెలియలేదు. ఇంకా దారం కట్టలేదు. పది రోజులు చూడాలి కదా.

నువ్వు అడగడం మానేసినా నేను రోజూ చెప్తాను. ఉంటే ఉందని, లేకపోతే లేదని. ఆ చెట్టు వాసన నిలిచిందంటే దాని గింజలు నల్లబడ్డాక పొట్లం కడతాను. పైన మళ్లీ 'ఆయన చెప్పినవి' అనే రాయాలని ఉంది.

రాయనా, సుగుణా?

ఇట్లు,
ఆయన