పార్మా ఈల

పార్మా, 1952 నవంబరు 3

చిరంజీవి ఎర్సిలియాకు మాస్టారి ఆశీస్సులు.

నీ మొదటి సినిమా మా ఊరొచ్చింది. పోస్టరు మీద నీ మొహం చర్చి తలుపంత ఉంది. "మీ శిష్యురాలేగా!" అని రొట్టెల కొట్టువాడు దండం పెట్టాడు. తీరా లోపలికెళ్తే ఆ పాటేమిటే పిల్లా? ఏడేళ్ళు ఒపెరా నేర్పింది చీమలా పాడడానికా? పాట బాగోకపోతే పార్మావాడు ఈలేసి ఛీకొట్టకుండా ఊరుకుంటాడా? లేచి ఈల వేశాను. తెరకి ఈలేమిటి ముసలాయనా అని బయటికి గెంటారు.

ఇట్లు, ఒట్టోరీనో

తా.క.: నా టోపీ లోపలే ఉండిపోయింది.

రోము, నవంబరు 9

పూజ్యులైన మాస్టారికి నమస్కారాలు.

అప్పుడు జలుబు చేసింది మాస్టారూ, అందుకే అలా ఉంది. ఇక్కడ నాకేం లోటు లేదు. వీధిలోకి వస్తే జనం నడవనివ్వరు. హోటలు గది నిండా పువ్వులే. భోజనం మాత్రం ఒక్కదాన్నే.

మీ ఎర్సిలియా

తా.క.: కొత్త టోపీ పంపుతున్నాను. ఈల గట్టిగానే వేశారా?

పార్మా, 1953 మార్చి 2

చిరంజీవి ఎర్సిలియాకు,

రెండో సినిమా చూశాను. నాలుగు నెలల జలుబా! మాట కూడా రోము దొరసానిలా మారిపోయిందే! తేనె కషాయం తాగు. తగ్గకపోతే చెప్పు, నేనే రైలెక్కుతాను. మళ్ళీ ఈల వేశాను.

ఒట్టోరీనో

తా.క.: ఈసారి టోపీ ముందే చంకలో పెట్టుకున్నాను.

రోము, మార్చి 7

మాస్టారికి,

రాకండి. అబద్ధం చెప్పాను. పాడింది నేను కాదు. నా గొంతు మైకుకి మరీ పెద్దదట, వేరే అమ్మాయి పాడుతుంది. నాది పార్మా యాసట, మాటలు ఇంకొకామె చెబుతుంది. నేను నోరు ఆడిస్తాను, అంతే. తిరిగి వద్దామంటే ఒపెరావాళ్ళు సినిమాదాన్నని గుమ్మం తొక్కనివ్వరు. స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని పాడుకుంటున్నాను. దేశమంతా నన్ను చూస్తోంది, వినేవాళ్ళు ఒక్కరూ లేరు. చాలా ఒంటరిగా ఉంది మాస్టారూ.

ఎర్సిలియా

తా.క.: పెళ్ళి సీనులో ఒక తుమ్ముంది. అదొక్కటీ నాదే.

పార్మా, మార్చి 15

పిచ్చిపిల్లకి,

ఏడేళ్ళు విన్నవాణ్ణి, నీ గొంతు కాదని నాకు మొదటి ముక్కకే తెలిసింది. ఆ ఈల నీకు కాదు, నీ గొంతు నొక్కినవాళ్ళకి. రెచ్చగొడితే నిజం చెబుతావని అలా రాశాను.

నిన్న ఒపెరా హాలు పై అంతస్తు చవక సీట్లలో నాతోపాటు ఈలలు వేసే నేస్తాలు పదకొండుమందిని వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. నువ్వు తుమ్మావు. ఏం ఊపిరే అది! అందరం లేచి చప్పట్లు కొట్టి, "ఇంకోసారి! ఇంకోసారి!" అని అరిచాం. అందరినీ గెంటారు.

ఆదివారం రా. పియానో తుడిచి పెట్టాను. ఇక్కడ కుళాయి తిప్పక్కర్లేదు.

నీ మాస్టారు

తా.క.: వచ్చేటప్పుడు పన్నెండు టోపీలు పట్రా.